నిమిషమునకు 68 ఊపిరులు

కాజీపేట కూడలిలో, ప్రయాణికులెవ్వరును రాని ప్లాట్‌ఫారము కొసన, నీళ్ల స్తంభము క్రింద ఎల్లకాలమును తడిసియుండెడి రాతిపలకల చెంత, మా పెద్దబాపు చేయి పట్టుకొని తెల్లవారుజామున నిలుచుండిన నాకు, సిగ్నలు చేయి వాలిన మరుక్షణమున బొగ్గుబండి ఇంజను విడిచిన మొదటి ఊపిరి చెవికంటె ముందుగా రొమ్మునకు తగిలినట్లు తోచినది. అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. మొదటి ఊపిరికిని రెండవదానికిని నడుమ నేనును ఊపిరి బిగబట్టితిని. నాలుగవది వినబడిన పిమ్మట గాని వదలలేదు. ఆ ఇంజను మనిషి నడకతో మా ముందునుండి సాగిపోవుచుండగా, కాజీపేట షెడ్డులో ఫైర్‌మనుగా పనిచేయుచుండిన మా పెద్దబాపు నా మణికట్టును బొటనవ్రేలితో నొక్కి పట్టి, "గిది ఇను, గది ఇను. రెండు ఒక్కతీరుగనే కొట్టుకుంటున్నయా లేదా?" అని అడిగెను.

ఆ మాట పిల్లవానిని మురిపించుటకు చెప్పినది కాదనియు, లెక్కకు నిలుచునదనియు నేను గ్రహించుటకు మరి పదేండ్లు పట్టెను. మేము చూచిన ఇంజను డబ్ల్యూజీ తరగతికి చెందినది. మొదటి అక్షరము బ్రాడ్‌గేజి మార్గమునకు, రెండవది గూడ్సు పనికి గుర్తు. దానిని నడపు పెద్ద చక్రముల వ్యాసము 1562 మిల్లీమీటర్లు. అనగా చక్రము ఒక్కమారు తిరిగినచో బండి సుమారు 4.9 మీటర్లు ముందునకు సాగును. ఇరుప్రక్కల రెండు సిలిండర్లు, ఒక్కొక్క సిలిండరులో ముషలకము ముందునకు పోవునప్పుడొకసారి, వెనుకకు వచ్చునప్పుడొకసారి పని తీరిన ఆవిరి వెడలును. ఒక ప్రక్కదాని కంటె రెండవ ప్రక్కది పావుచుట్టు ముందుండునట్లు అమర్చుటచే, చక్రపు చుట్టొకటికి సమానమైన ఎడములతో నాలుగు ఊపిరులు పొగగొట్టము వెంట వెలువడును. గంటకు అయిదు కిలోమీటర్ల నడకతో పోవు ఇంజను చక్రములు నిమిషమునకు 17 మారులు తిరుగును. పదునేడును నాలుగిట హెచ్చించినచో అరువదియెనిమిది. ఆరోగ్యవంతుడైన మనుష్యుని నాడి కొట్టుకొను వేగమును ఇంచుమించు ఇదియే. గంటకు 50 కిలోమీటర్లు చేరునప్పటికి ఆ ఊపిరులు సెకనుకు పదకొండు అగుటచే చెవి వానిని లెక్కపెట్టజాలక ఒకే గర్జనగా గ్రహించును. ఆవిరి ఇంజను ప్రాణముగల జంతువువలె నుండెనని ఆ కాలపు జనులందరును చెప్పుకొనుటకు, కదలు సమయమున దాని ఊపిరియు మన నాడియు ఒకే తాళమున కలియుట ఒక ముఖ్యకారణమని నా దృఢవిశ్వాసము.

ఆ ఊపిరి వృథాగా పోవునది కాదు. పని తీరిన ఆవిరిని ఊరక గాలిలోనికి వదలక, పొగపెట్టె నడుమనున్న సన్నని మూతిగుండ పొగగొట్టములోనికి ఎగజిమ్మినచో, అది తన వెంట పొగను ఈడ్చుకొనిపోవును. పొగ పోయిన చోట ఏర్పడిన కొరతను పూరించుటకు పొయ్యి క్రిందినుండి క్రొత్త గాలి నిప్పులలోనికి దూసుకొనివచ్చును. 1804లో వేల్సు దేశమున రిచర్డ్ ట్రెవితిక్ నడపిన ఇంజనులోనే ఈ యేర్పాటు కలదు. దీని గొప్పతనమేమనగా, బరువు హెచ్చి ఇంజను ఎక్కువ ఆవిరి త్రాగినకొలది ఊపిరి బలపడును, ఊపిరి బలపడినకొలది మంట పెరుగును, మంట పెరిగినకొలది ఆవిరి పుట్టును. ఎవ్వరును ఆజ్ఞాపింపకయే అవసరమును బట్టి తన్ను తాను సర్దుకొను ఇట్టి యంత్రమును నేను మరియొకదానిని పిల్లతనమున చూచియుండలేదు.

ఈ ఇంజనులు మా ఊరికి ఎట్లు వచ్చినవో కొంచెము చెప్పవలెను. 1874లో వాడినుండి సికింద్రాబాదు వరకు వచ్చిన పట్టాలు 1886లో వరంగల్లును, 1889లో బెజవాడను చేరినవి. లండనులో సమకూర్చిన పెట్టుబడికి వడ్డీ చెల్లింతునని నిజాము ఖజానా పూచీపడుటచే ఆ మార్గమునకు పూచీగల రైల్వే యను పేరు కలిగెను. ఆ లావాదేవీల లోగుట్టును ప్రజలకు తెలుపవలెనని 1883లో అడిగినందులకే సరోజినీనాయుడు తండ్రియైన అఘోరనాథ చట్టోపాధ్యాయుడు హైదరాబాదునుండి వెడలగొట్టబడెను. 1929నాటికి బల్హార్షా మార్గము పూర్తియై మద్రాసు ఢిల్లీ నగరములు సూటిగా కలియుటతో, మా కాజీపేట మూడు దిక్కుల బండ్లు కలిసికొను కూడలి యయ్యెను. మరుసటి సంవత్సరముననే నిజాము ప్రభుత్వము రైల్వేను కొని తన సొత్తు చేసికొనెను. షెడ్డు, రన్నింగ్ రూము, ఖలాసీల ఇండ్లు, ఆంగ్లో ఇండియను డ్రైవర్ల క్వార్టర్లు, మా పాఠశాల గంటకంటె సరిగా పలికెడి షెడ్డు కూత, వీని నడుమ నేను పెరిగితిని.

ఇంజను సీమనుండి వచ్చినను దాని ఆహారము మాత్రము ఈ నేలదే. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున రాక్షసి బొగ్గును కనుగొనెను. 1886లో ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ దానిని త్రవ్వనారంభించెను. ఆ కంపెనీయే 1920లో సింగరేణి పేరు ధరించెను. గోదావరి లోయలోని ఈ బొగ్గు పాతిక కోట్ల సంవత్సరములకంటె పూర్వము, భారతభూమి ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో కలిసి గోండ్వానా మహాఖండముగా నున్న కాలమున, నాలుక ఆకారపు ఆకులుగల గ్లాసోప్టెరిస్ వృక్షములు నీట మునిగి పూడుకొనిపోగా ఏర్పడినది. వేల్సు గనుల బొగ్గు వంటిది కాదు. ఇందు బూడిదపాలు మిక్కుటము. సన్నని పొయ్యిగల పాత ఇంగ్లీషు ఇంజనులలో మన బొగ్గు వేసినచో కడుపు నిండును గాని బలము రాదు. అందుచేతనే 1920ల నాటినుండి భారతదేశమునకు ప్రత్యేకముగా గీసిన నమూనాలలో పొయ్యిని చక్రములమీదికి జరిపి వెడల్పు చేసిరి. 1950లో గ్లాస్గోలోని నార్త్ బ్రిటిష్ కంపెనీ తొలి డబ్ల్యూజీలను నిర్మించి పంపుటకును, ఆ సంవత్సరముననే చిత్తరంజనులో దేశబంధు అను పేరుతో 8401 సంఖ్యగల ఇంజను స్వదేశమున పుట్టుటకును పునాది ఆ వెడల్పైన పొయ్యియే. 1970లో ఆఖరిది వెలువడునాటికి ఈ తరగతివి 2450 తయారైనవి. ఏ గ్లాస్గో కంపెనీ మనకు ఇంజనులు పంపెనో ఆ కంపెనీ 1962లోనే మూతపడినది.

ఇక పెద్దబాపు పని. ఒక సెలవునాడు షెడ్డులో నిలిపియున్న ఇంజనుమీదికి నన్ను ఎక్కించినప్పుడు నేను పొయ్యిని చూడబోతిని. ఆయన నా గడ్డము పట్టి మొగమును పైకి త్రిప్పి, "ముందుగాల అద్దంల నీళ్లు సూడాలె బిడ్డా, మంట సంగతి ఎనక. మంట సల్లారితె బండి ఆగుతది, నీళ్లు ఇంకితె మనమే ఆగుతం," అనెను.

ఆ అద్దము బాయిలరు గోడకు నిలువుగా బిగించిన గాజుగొట్టము; లోపలి నీటి మట్టము అందులో కనబడును. పొగమసి క్రమ్మిన రాత్రి, ఊగుచున్న ఇంజనుమీద, నీరేదో ఆవిరియేదో తెలియుట కష్టము, రెండును వర్ణరహితములే. ఆ చిక్కును తీర్చిన విధము చూడుడు: గొట్టము వెనుక నలుపు తెలుపు గీతలను ఏటవాలుగా దిద్దిరి. ఆవిరి యున్న మేర ఆ గీతలు ఉన్నవి ఉన్నట్లే కనబడును. నీరున్న మేర గొట్టము భూతద్దమువలె పనిచేయుటచే అవే గీతలు ఎదురువాలుగా తిరిగి కనబడును. రెండు వాలులు కలిసికొన్న చోటే నీటిమట్టము. కాంతి వక్రీభవనమును గూర్చి కళాశాలలో చదువునప్పుడు నా తోటివారు గాజుపలకలను, గుండుసూదులను తలచుకొనిరి. నేను ఆ వాలుగీతలను తలచుకొంటిని.

నీళ్లు ఇంకినచో మనమే ఆగుదుమను మాటలో అతిశయోక్తి లేదు. డబ్ల్యూజీ బాయిలరులో పీడనము చదరపు అంగుళమునకు 210 పౌనులు. ఆ పీడనమున నీరు 100 డిగ్రీలకు గాక సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడుకు కాగును. పొయ్యి పైకప్పును ఎడతెగక కప్పియున్న నీరే దానిని మెత్తబడకుండ కాపాడుచుండును. నీరు తగ్గి కప్పు బయటపడినచో ఇనుము ఎర్రబడి వంగును. అది చిరిగిన తక్షణమున పీడనము పడిపోవుటచే, అంతవరకు ద్రవముగానున్న ఆ వేడినీటిలో పెద్దభాగము రెప్పపాటులో ఆవిరియగును. వాతావరణ పీడనమున ఆవిరి, తాను పుట్టిన నీటికి సుమారు 1600 రెట్లు చోటు కోరును. అందులకే ఆ కప్పులో సీసము పోసిన బిరడలను బిగింతురు. సీసము 327 డిగ్రీలకు కరగును. నీరు కప్పియున్నంతకాలము అది కరగదు, నీరు తొలగినచో ముందుగా అదే కరగి, ఆవిరిని పొయ్యిలోనికి చిమ్మి హెచ్చరించును. పెద్దబాపు తన ఉద్యోగకాలమంతటను బిరడ కరగనీయలేదు. పదవీవిరమణనాడు వేసిన దండకంటె ఆ సంగతినే ఆయన ఎక్కువగా చెప్పుకొనెడివాడు.

బాయిలరులోనికి నీరెక్కించు ఇంజెక్టరు నాకు చాలకాలము మాయగా తోచినది. బాయిలరులోని ఆవిరినే కొంత తీసి, దానితోనే నీటిని నెట్టి, అదే పీడనమున్న అదే బాయిలరులోనికి ప్రవేశపెట్టుట ఎట్లు సాధ్యము? 1858లో దీనిని కనిపెట్టిన ఫ్రెంచివాడు ఆంరీ జిఫార్ మొదట చెప్పినప్పుడు ఇంజనీర్లే నమ్మలేకపోయిరట. రహస్యము వేగములోను, చల్లదనములోను ఉన్నది. సన్నని మూతినుండి ఆవిరి అమితవేగముతో దూకి చన్నీటిని తాకి తానును నీరై, తన వేగమును ఆ నీటికి పంచియిచ్చును. సెకనుకు సుమారు 54 మీటర్ల వేగము గల నీటిధారకు 210 పౌనుల పీడనమును త్రోసికొని లోపలికి పోగల సత్తువ యుండును. ఇంజెక్టరు ధారను అంతకు మించిన వేగమునకు తెచ్చును. అయితే ఆవిరి నీరగుటకు చన్నీరు కావలెను. వరంగల్లు రోహిణికార్తెలో, ఇంజను వెనుక టెండరు తొట్టిలోని నీరు కాగిపోయినప్పుడు ఇంజెక్టరు మొరాయించును. నీరు క్రింద కారిపోవును, బాయిలరులోనికి ఎక్కదు. అప్పుడు పెద్దబాపు తడిపిన గోనెపట్టాను దానికి చుట్టి, మెట్టుమీద ఒరిగి చెవియొగ్గెడివాడు. బుసబుస ఆగి సన్నని రాగము మొదలైనచో నీరు ఎక్కుచున్నదని అర్థము. "పాడుతాంది," అనెడివాడు. ఆ ఒక్కమాట విని డ్రైవరు తల పంకించెడివాడు. ఆ మాటలో ఉష్ణశాస్త్రము, ద్రవశాస్త్రము రెండును ఇమిడియున్నవని వారికి ఎవ్వరును చెప్పలేదు. చెప్పవలసిన పనియు లేకపోయెను.

బొగ్గు వేయుటయు అట్టి విద్యయే. పార నిండుగా ఎత్తి కుమ్మరించువాడు ఫైర్‌మను కాడు. పలుచగా, తరచుగా, నిప్పు తెల్లబడిన చోటు చూచి అక్కడ పడునట్లు పారను మణికట్టుతో తిప్పవలెను. మంటల వెలుగునకు కన్ను చెదరి నిప్పుల అడుగు కనబడనప్పుడు పారనే తలక్రిందుగా లోపలికి చాచి, దాని మాటున గాలిని మళ్లించి, ఎక్కడ నల్లబడెనో ఎక్కడ చిట్టెము కట్టెనో చూడవలెను. మన బొగ్గులోని బూడిద కరగి ముద్దకట్టిన ఆ చిట్టెము గాలిదారులను మూసివేయును. దానిని పొడవైన ఇనుపకడ్డీతో పెకలించి తీయునప్పుడు మోకాళ్లనుండి పాదములవరకు చర్మము కమలును. పని సరిగా సాగుచున్నదో లేదో ఊరిలోని వారికిని తెలియును. నల్లని పొగ యన్నచో గాలి చాలక కర్బనము కాలకయే పోవుచున్నదని, పొగయే లేదన్నచో చల్లగాలి మితిమీరి లోనికి వచ్చి వేడిని హరించుచున్నదని, లేత బూడిదరంగు పలుచని తెర యన్నచో ఫైర్‌మను పని తెలిసినవాడని గుర్తు. మా పెద్దమ్మ డాబామీద వడియములు పెట్టుచు, దూరపు పొగను చూచి బండిమీద ఉన్నది తన యింటివాడో కాదో చెప్పెడిది.

పిల్లలమగు మా విద్య వేరు. గీతల పుస్తకములో ఇంజను సంఖ్యలను వ్రాసికొనుటయు, పడమటి సీమనుండి వచ్చినదా, చిత్తరంజను పుట్టుకా అని ఇత్తడిఫలకము చూచి నిశ్చయించుటయు, తుపాకిగుండు మొగముమీద నక్షత్రము దిద్దిన డబ్ల్యూపీ ఇంజను కనబడిననాడు దానికొక నక్షత్రము గీయుటయు మా నిత్యకృత్యములు. ఇంగ్లండులో ఇదే వ్యసనము దేశవ్యాప్తమై యుండెనని చాలకాలమునకు తెలిసినది. అక్కడ సదరన్ రైల్వేలో గుమాస్తాగానుండిన ఇయాన్ అలన్ అను యువకుడు, ఇంజనుల వివరములడుగుచు వచ్చు ఉత్తరములకు బదులు వ్రాయలేక విసిగి, 1942లో ఆ ఇంజనుల పట్టికను చిన్న పుస్తకముగా అచ్చువేయగా, అది చేతబట్టుకొని ప్లాట్‌ఫారముల కొసన నిలుచుండు పిల్లలు వేలకువేలు బయలుదేరిరి. 1968 ఆగస్టు 11న ఆ దేశపు ప్రధానమార్గములలో ఆవిరి ఇంజను తుదిపయనము ముగియగా, వారిలో ఎందరో కెమెరాలు తగిలించుకొని మన దేశమునకు వచ్చిరి. తమ బాల్యము ఇక్కడ ఇంకను పొగలు క్రక్కుచు తిరుగుచుండెను గదా!

కూతను గూర్చి ఒక్కమాట. ఆగకుండ పోవు మెయిలుబండి కూయుచు ప్లాట్‌ఫారమును దాటునప్పుడు ఆ కూత మన ముందునకు రాగానే స్థాయి జారుట ఎల్లరును వినియుందురు. దీనిని 1842లో డాప్లరు ఊహించెను. 1845లో బైస్ బాలో హాలండులో వాద్యగాండ్రను రైలుపై ఎక్కించి పరీక్షించెను. బండి సెకనుకు 20 మీటర్లు, అనగా గంటకు 72 కిలోమీటర్లు పోవుచున్నదనుకొనుడు. వేడిమి 30 డిగ్రీలున్ననాడు శబ్దవేగము సెకనుకు 349 మీటర్లు. దగ్గరకు వచ్చునప్పటి స్వరమునకును, దూరమగునప్పటి స్వరమునకును గల నిష్పత్తి 369కి 329, అనగా 1.12. సంగీతజ్ఞులు ఈ సంఖ్యను గుర్తింతురు: చతుశ్రుతి రిషభమునకును షడ్జమునకును గల నిష్పత్తి 9కి 8, అనగా 1.125. ఆ వేగమున బండి మనలను దాటుటయన్న, కూత రిషభమునుండి షడ్జమునకు దిగుటయే. మా ఊరి సంగీతపు పంతులుగారి యింట సరళీవరుసలు దిగివచ్చునప్పుడు రి, స అని వినగానే నాకు కనబడినది మెయిలుబండి గార్డుపెట్టె వెనుక ఎర్రదీపము.

ఆ ఇంజనులను మరల తెమ్మని నేను కోరను. కాల్చిన బొగ్గులోని శక్తి నూటికి ఆరేడు పాళ్లు మాత్రమే బండిని లాగెను, కారణము స్పష్టము. కిలోగ్రాము నీటిని 30 నుండి 100 డిగ్రీలకు కాచుటకు 70 కిలోకాలరీలు చాలును గాని, దానిని ఆవిరి చేయుటకు మరి 539 కావలెను, ఆ గుప్తోష్ణమంతయు ప్రతి ఊపిరితోను ఆకాశము పాలయ్యెను. 1824లో సాదీ కార్నో ఉష్ణయంత్రముల హద్దును ఆలోచించుటకు పురికొల్పినది ఇట్టి నష్టమే. డీజిలు ఇంజను అదే శక్తినుండి నాలుగింతలు పని రాబట్టెను. పెద్దబాపు చెవులు ఏబదియేండ్లకే మందగించినవి. ఆయన కాళ్లమీది మచ్చలను నేనెరుగుదును. అయినను, పారిపోవుచున్న వేడిని కన్నులతో చూచి, చెవితో విని, వాసనతో పసిగట్టి, మణికట్టుతో సరిదిద్దిన ఆ నేర్పు తక్కువది కాదు. ఇంజను లోగుట్టు అంతయు బయటనే కనబడెడిది. కనుకనే చదువురాని ఖలాసీకిని, తొమ్మిదేండ్ల బాలునికిని అది అర్థమయ్యెను. మనము తలచి తలచి వగచునది పొగను గాదు, ఆ అర్థమగుటను.

1995 డిసెంబరు 6న పంజాబులో జలంధరు ఫిరోజుపురముల నడుమ బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజను కడపటి బండిని లాగినది. కాజీపేటలో ఇప్పుడు డీజిలు షెడ్డు, విద్యుత్తు షెడ్డు కలవు. ఊపిరి లేని ఇంజనులు నిశ్శబ్దముగా వచ్చి పోవుచున్నవి. ఇంజనులు కొన్ని ప్రదర్శనశాలలలో మిగిలినవి. నిప్పువేసిన చేతులు మాత్రము ఏటేట తరిగిపోవుచున్నవి. కాజీపేటలో, లాలాగూడలో, డోర్నకలులో, బెజవాడలో పాత ఫైర్‌మనులు, డ్రైవర్లు, ఖలాసీలు ఎనుబదులు దాటి ఇంకను కొందరున్నారు. చదువరీ, మీ యింటనో పొరుగింటనో అట్టి పెద్దమనిషి యున్నచో రేపు సాయంకాలమే పోయి కూర్చుండుడు. ఫోనులో ఆయన గొంతును పట్టియుంచుడు. పార యెట్లు తిప్పెనో, చిట్టెము నెట్లు పెకలించెనో, ఇంజెక్టరు పాడినప్పుడు ఏ స్వరము వినబడెనో ఆయన మాటలలోనే చెప్పించుడు. ముందుగా అద్దములోని నీళ్ల సంగతి అడుగుడు.